వెనకసీటు మేడం

పోయిన ఆదివారం కుప్పం మార్కెట్లో చిక్కుడుకాయలు ఏరుకుంటా ఉంటే, పక్కనొకామె తలమీది హెల్మెట్ తీయకుండానే వంకాయలు బేరం చేస్తా ఉంది. కూరగాయలాయన చెప్పేది ఆమెకు వినపడదు, ఆమె అడిగేది ఆయనకు అర్థం కాదు. ఇద్దరూ అరుచుకుంటా ఉన్నారు. నాకు గుండె ఎగిరి గంతేసింది. చిక్కుడుకాయలు ఆడనే వదిలేసి, ముందుకు పోయి హెల్మెట్ అద్దంలోకి తొంగి చూసినాను. మా మేడం కాదు. ఎవరో. ఆమె నన్ను ఎగాదిగా చూసి, వంకాయల సంచి తీసుకొని గబగబా వెళ్లిపోయింది. నేను మాత్రం రూము చేరేదాకా ఒక్కదాన్నే నవ్వుకుంటా నడిచినాను.

మా మేడం మదనపల్లెలో, మా ఆడపిల్లల జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేది. మనిషి పొట్టి. గొంతు మాత్రం గ్రౌండు ఆ చివరిదాకా పోతుంది. నవ్వొచ్చే ముందు ఆమెకు ఒక ఎక్కిలి వచ్చేది. ఆ ఎక్కిలి వినపడితే చాలు, క్లాసంతా పుస్తకాలు మూసేసేవాళ్లం. ఇంక పాఠం సాగదని తెలుసు. ఒకసారి బొద్దింక నోటి భాగాలు చెప్తా చెప్తా తనకే నవ్వొచ్చి బోర్డుకు ఆనుకుంది. చీర వీపంతా బొద్దింక బొమ్మ అచ్చుపడింది. ఆ బొమ్మతోనే స్టాఫ్ రూముకు పోయింది, ఆ బొమ్మతోనే సాయంత్రం ఇంటికి పోయింది. మరుసటి రోజు వచ్చి, బజారులో తన వెనక వచ్చినవాళ్లందరికీ ఉచితంగా జువాలజీ చెప్పినానని గొప్పలు పోయింది.

హెల్మెట్ ఆమెకు టోపీ మాదిరి. ఇంట్లో పెట్టుకుంటే స్టాఫ్ రూములో తీసేది, అది కూడా ఎవరైనా గుర్తు చేస్తేనే. బర్రెలకు, కుక్కలకు ఎంతో మర్యాద ఇచ్చేది. దోవకు అడ్డంగా బర్రె నిలబడితే, కొంచెం జరగమ్మా, పిల్లోళ్లకు క్లాసుండాది అని బతిమాలేది. అది జరిగేదాకా హారను కొట్టేది కాదు. ఎందుకు లేటయిందని ప్రిన్సిపాల్ అడిగితే, దాచకుండా బర్రె పేరే చెప్పేది. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ వేయించిన చెనిక్కాయలుండేవి. చాక్‌పీసు కోసం బ్యాగులో చెయ్యి పెట్టి, చెనిక్కాయతో బోర్డుమీద రాయబోయిన రోజులు ఎన్నో.

నేను ఫస్టియర్లో చేరిన ఏడు కాలేజీలో కౌన్సెలింగ్ గది తెరిచినారు. పిల్లోళ్ల మనసులో ఏముందో తెలుసుకోవాలని పైనుంచి ఆర్డరు వచ్చిందంట. పాత స్టోరు రూము ఊడ్చి, ఒక టేబులు, ఎదురెదురుగా రెండు కుర్చీలు వేసి, గోడకు నవ్వే పసిబిడ్డ క్యాలెండరు తగిలించినారు. మేడంను ఇన్‌చార్జిగా వేసినారు. ఆ గది ప్రిన్సిపాల్ రూముకు, ఆఫీసుకు నడుమ ఉంది. ఎవరు లోపలికి పోయినా కాలేజీ మొత్తానికీ కనిపిస్తుంది. ఇంక ఎవరు పోతారు?

మేడం మధ్యాహ్నాలంతా అందులో కూర్చొని చెనిక్కాయలు వలుచుకుంటా ఉండేది. ఒక బల్లి తప్ప ఎవరూ రాలేదని, ఆ బల్లితో చాలాసేపు మాట్లాడినానని, దానికి ఇంట్లో ఏ కష్టమూ లేదని తేలిందని మాకు క్లాసులో చెప్పింది. చివరికి ఒక పిల్ల పోయింది. ఎదురు కుర్చీలో కూర్చొని, ఏం లేదు మేడం, ఏం లేదు మేడం అని అంటానే ఉండి, ఏడుస్తా బయటికి వచ్చేసింది. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పమంటే పోలీస్ స్టేషన్ మాదిరి ఉందని, ఆ కుర్చీలో తనకే భయమైందని మేడం తర్వాత అనింది.

కొన్నాళ్లకు అదే పిల్లకు జ్వరం వస్తే, మేడం తన బండి వెనక కూర్చోబెట్టుకొని ఆస్పత్రికి తీసుకుపోయింది. గదిలో నోరు తెరవని పిల్ల, బండెక్కినాక ఇంటి సంగతులన్నీ దోవ పొడుగునా చెప్పుకుంటా వచ్చిందంట. మొహాలు కనపడకపోతే మాట బయటికి వస్తుందని మేడంకు అప్పుడు తెలిసింది. కాకపోతే హెల్మెట్ ఉంది కదా, సగం ఆమెకు వినపడింది, సగం గాలికి పోయింది. ఆలోచించి ఆలోచించి ఆమె కనిపెట్టింది ఏమిటంటే, పిల్లలు ముందు కూర్చోవాలి, తాను వెనక కూర్చోవాలి, అప్పుడు గాలే మాటను తన దిక్కుకు మోసుకొస్తుంది.

అట్లా కౌన్సెలింగ్ గదికి తాళం పడింది. మేడం ఒక బ్యాటరీ బండి కొనింది. దానికి లైసెన్సు అక్కర్లేదు. ఎంత గట్టిగా తిప్పినా సైకిలోళ్లు మమ్మల్ని దాటి పోయేవాళ్లు. ఆడపిల్లలకు బండి నేర్పిస్తానంటే అమ్మానాన్నలు సంతోషంగా ఒప్పుకున్నారు, ప్రిన్సిపాల్ తలనొప్పి తీరిందనుకున్నాడు. హార్స్లీ హిల్స్ పోయే దోవలో, హద్దురాళ్లు పాతి అమ్ముడుపోకుండా పడున్న ప్లాట్లలో సాయంత్రం సాయంత్రం మా బండి చదువు. చుట్టూ తంగేడు పొదలు, మేకలు. మా కాలేజీలో తంగేడు పొదలో పడని పిల్ల లేదు. పడినవాళ్లకు మేడం చప్పట్లు కొట్టేది. తాను కూడా వెనక సీటునుంచి పడేది కాబట్టి, లేచి దుమ్ము దులుపుకొని మరీ కొట్టేది.

బండి స్టార్టు చేసేముందు ప్రతి పిల్లకూ ఒకే మాట చెప్పేది. "నువ్వు చెప్పింది నా నోట్లోనుంచి బయటికి పోదు. ప్రాణం మీదికొచ్చే మాటయితే మాత్రం పోతాది. ముందే చెప్తాండా. ఇంక తోలు."

అంతే. ఇంకేమీ అడిగేది కాదు. బండి నిలపడానికే రెండు చేతులూ రెండు కళ్లూ చాలవు, ఆ గాభరాలో మనసు తలుపేసుకోవడం మరిచిపోయేది. ఎవరెవరి మాటలో ఒక్కొక్కటే బయటపడేవి. మేడం వాటికి జవాబూ చెప్పేది, బండీ నేర్పేది. రెండూ కలిసిపోయేవి. ఒక పిల్ల తానే నవ్వుతా చెప్పింది. వాళ్ల నాయన తాగుతాడని చెప్తే, ఊఁ అని, ఎడమకు తిప్పు అనిందంట. రోజూనా అని అడిగి, బ్రేకు పట్టు అనిందంట. కొడతాడా అని అడిగి, హారను కొట్టు, మేక ఉండాది అనిందంట. ఆ పిల్లకు ఏడవాలో నవ్వాలో తెలియక మేక పక్కన బండి ఆపేసి, రెండూ చేసిందంట. తర్వాత మేడం వాళ్లింటికి పోయి ఏం మాట్లాడిందో కానీ, ఆ పిల్లా వాళ్లమ్మా కొన్నాళ్లు అవ్వగారింట్లో ఉన్నారు.

మాట్లాడతా మాట్లాడతా ఎవరైనా వెనక్కి తిరిగితే, తన హెల్మెట్‌తో వాళ్ల హెల్మెట్‌ను ఠంగుమని కొట్టేది. "నన్ను యాల సూస్తావు, దోవ సూడు."

నేను సెకండియర్ సగం దాకా ఆ బండి దిక్కుకు పోలేదు. మాది పుంగనూరు. బజారులో మా నాయనకు బట్టలంగడి ఉంది. అమ్మ అంగడి లోపలిగదిలో కూర్చొని చీరలకు ఫాల్సు కుడుతుంది. అమ్మ మాట్లాడడం తక్కువ. పలకరిస్తే నవ్వుతుంది, అంతే. నేను టెన్తులో స్కూలు ఫస్టు, కాబట్టి డాక్టరవుతానని అంగడికి వచ్చేవాళ్లందరికీ నాయన ముందే చెప్పేసినాడు. నన్ను మదనపల్లె హాస్టల్లో చేర్పించినారు.

ఎప్పుడు మొదలైందో నాకే తెలియదు. పరీక్ష పేపరు చేతికి రాగానే వేళ్లు వణికేవి. చదివింది కళ్లముందే ఉన్నా అక్షరం గుర్తొచ్చేది కాదు. నిద్ర పట్టేది కాదు, పట్టినా తెల్లవారుజామునే మెలకువ వచ్చి, ఈ రోజు ఎట్లా గడుస్తుందిరా దేవుడా అని గుండె దడదడలాడేది. అన్నం గడ్డి మాదిరి ఉండేది. అయినా పగలంతా నవ్వుతానే ఉండేదాన్ని. అందరికంటే ముందు జోకులేసేది నేనే. నాయన ఫోన్ చేస్తే బాగుండానని చెప్పేదాన్ని. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినానో, అదొక మాటేనన్నది కూడా మరిచిపోయినాను.

మేడం ఒకరోజు ప్రాక్టికల్స్ అయినాక, బండి నేర్చుకోని పిల్లవు నువ్వొక్కదానివే మిగిలినావని పట్టుకుంది. నాకు సైకిలే రాదని చెప్పినాను. అయితే ఇద్దరం కలిసి పడదాం రా అని తీసుకుపోయింది.

నేను పడలేదు. దానికి కారణం, నేను ప్లాట్ల చుట్టూ ఒకటే గుండ్రంగా తిప్పుతా ఉండడం. కుడికే తిప్పుతాను, ఎడమకు తిప్పడానికి భయం. మేడం ఏమీ అనలేదు. చెనిక్కాయలు నములుతా వెనక కూర్చొనింది. అట్లా తిరుగుతా తిరుగుతా, హద్దురాయి ఒకటి దాటుతా ఉండగా, నా నోట్లోనుంచే ఆ మాట వచ్చింది. పొద్దున్నే లేవకుండా ఉంటే బాగుండునని అనిపిస్తా ఉంది మేడం అన్నాను. ఏదో వాన రాకుంటే బాగుండునన్నట్టు అన్నాను.

వెనక నమలడం ఆగిపోయింది.

"బ్రేకు పట్టు" అనింది.

బండి ఆపినాను. మేడం దిగింది. ఎప్పుడూ వెనకనే ఉండే మనిషి నా ముందుకు వచ్చి, తన హెల్మెట్ తీసి, నా హెల్మెట్ తీసి, నా మొహంలోకి చూసింది.

"చచ్చిపోవాలనిపిస్తాందా పాపా?"

అంత తిన్నగా ఎవరైనా అడుగుతారని నేననుకోలేదు. అప్పుడప్పుడు అని చెప్పినాను. అట్లా చేయాలని ఏమన్నా అనుకున్నావా, ఎప్పుడన్నా ప్రయత్నం చేసినావా అని కూడా అడిగింది. లేదని చెప్పినాను, అది నిజమే. ఆమె అరవలేదు, దేవుడా అనలేదు, నీకేం తక్కువ అనలేదు. నా రెండు చేతులూ పట్టుకుంది.

"చెప్పినావు సూడు, శానా మంచి పని చేసినావు. ఇంక ఇది నీ ఒక్కదానిదే కాదు, నాది కూడా."

ఇద్దరం హద్దురాయి మీద కూర్చున్నాం. నేను ఏడుస్తా ఉన్నాను. మీ ఇంట్లో చెప్పాలి, డాక్టరు దగ్గరికి పోవాలి అని ఆమె నిదానంగా చెప్తా ఉంది. వద్దు మేడం, నాయనకు తెలిస్తే తట్టుకోలేడని నేను బతిమాలుతా ఉన్నాను. బండెక్కకముందే చెప్పినాను కదా, ఈ మాట మాత్రం నా నోట్లో ఆగదని ఆమె అంటా ఉంది. సరిగ్గా అప్పుడే మా వెనక బండి కదిలింది.

నేను బండినుంచి తాళంచెవి తీయలేదు. సీటుమీద చెనిక్కాయల సంచి ఉంది. ఒక మేక ముందుకాళ్లు ఎత్తి, ఒక గిట్ట సీటుమీద, ఒక గిట్ట హ్యాండిల్‌మీద పెట్టి సంచిలో మూతి దూర్చింది. గిట్ట కింద హ్యాండిల్ తిరిగి బండి మెల్లగా పోతా ఉంది, దాంతోపాటు మేక వెనక కాళ్లమీద నడుస్తా ఉంది. అచ్చం బండి నేర్చుకుంటా ఉన్నట్టు. మేడం లేచి, ఎడమకు తిప్పమ్మా, ఎడమకు అని అరుస్తా దాని వెనక పరిగెత్తింది. బండీ మేకా కలిసి తంగేడు పొదలోకి పోయినాయి. మేడంకు ఎక్కిలి వచ్చింది.

ఆ తర్వాత మేమిద్దరం నేలమీద కూలబడి, కడుపు పట్టుకొని, కళ్లలో నీళ్లు కారిపోయేట్టు నవ్వినాం. చాలా నెలల తర్వాత నాకు నిజంగా వచ్చిన నవ్వు అది. బతకాలని లేదని చెప్పిన నోటితోనే, ఇంకా ఆ ఏడుపు నీళ్లు ఆరకముందే నవ్వినాను. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని నాకంతవరకు తెలియదు.

నేను నవ్వినంత మాత్రాన మేడం వదిలిపెట్టలేదు. ఆ రాత్రి నన్ను హాస్టల్లో ఉంచకుండా వాళ్లింటికి తీసుకుపోయింది. పొద్దున్నే బస్సెక్కించుకొని పుంగనూరుకు బయల్దేరింది.

మేము పోయేసరికి అంగడిలో పెద్ద పెళ్లి బేరం అయిపోయి, జనం అప్పుడే దిగిపోయినారు. పరుపుమీద విప్పిన చీరలు కొండ మాదిరి పడున్నాయి. మేడం సంగతి చెప్పబోతే నాయన మధ్యలోనే నవ్వేసినాడు. మా పాపకేం మేడం, ఇంట్లో ఉంటే అందరినీ నవ్విస్తాంటాది, పరీక్షల భయమేమో, పోతాదిలెండి అన్నాడు. అమ్మ లోపలిగది తలుపు దగ్గర నిలబడింది. ముగ్గురు నా మొహమే చూస్తా ఉంటే ఒక్క మాట రాలేదు.

మేడం చుట్టూ చూసి, చెప్పులు విడిచి పరుపెక్కి కూర్చొని, ఒక పట్టుచీర తీసుకొని మడత పెట్టడం మొదలుపెట్టింది. అట్లాంటి మడత నేను పుట్టి ఎరగను. చీర చివరికి మూట అయింది. నాయనకు ప్రాణం పోయినంత పనైంది. అయ్యో మేడం, అట్ల కాదు, జరీ నలిగిపోతాదని, ఆమె చేతిలోది లాక్కొని సరిచేయడానికి కూర్చున్నాడు. మేడం ఇంకోటి తీసుకుంది. ఒక చీర అమ్మ చేతిలో పెట్టింది, ఒకటి నా చేతిలో పెట్టింది. నలుగురం తలలు వంచుకొని మడతలు పెడతా ఉన్నాం. ఇప్పుడు చెప్పు పాపా అని, తన చేతిలోని చీరతో చెప్పినట్టు మెల్లగా అనింది.

నేను చీర అంచును చూస్తా చెప్పినాను. వణుకు గురించి, నిద్ర గురించి, తెల్లవారుజాము గురించి, ఆ చివరి మాట గురించి కూడా. మేడం పాడుచేసిన చీరలను నాయన సరిచేస్తానే వింటా ఉన్నాడు. ఆ చివరి మాట దగ్గర ఆయన చేతులు ఆగిపోయినాయి. పుట్టిన్నుంచి చీరలు మడిచిన మనిషి, ఒళ్లో ఉన్న చీరను ఉండ చుట్టి గట్టిగా గుండెకు పట్టుకున్నాడు. జరీ నలిగిపోయింది.

"నువ్వు డాక్టరు కాకపోతే పోయిందిలేమ్మా" అన్నాడు. "నువ్వుండు. నాకు నువ్వుంటే చాలు."

కుప్పంలో పెద్దాస్పత్రి ఉంది, అక్కడ ఇట్లాంటివి చూసే డాక్టరమ్మ తనకు తెలుసని మేడం చెప్పింది. ఆ రోజే నాయన అంగడి మూసి, సరుకు తెచ్చే వ్యానులో మమ్మల్ని ఎక్కించుకున్నాడు. మేడం ముందు సీట్లో కూర్చొనింది. పలమనేరు దాటక ముందే, నాయన ఒక లారీని దాటించిన తీరు చూసి, బ్యాగుతోపాటు మోసుకొచ్చిన హెల్మెట్ తీసి నెత్తిన పెట్టుకుంది. కుప్పందాకా తీయలేదు. నాయన నొచ్చుకోకుండా, బండి ఇంకా నిదానంగా తోలినాడు.

డాక్టరమ్మ చిన్నవయసామె, మాటలో అరవం కలిసేది. అన్నీ ఓపిగ్గా విని, ఇది నా తప్పు కాదని, దీనికి పేరుందని, మందుందని, మాట్లాడే వైద్యం కూడా ఉందని చెప్పింది. ఒక్కరోజులో ఏమీ అయిపోలేదు. చాలాకాలం మందులు వాడినాను, వారం వారం కుప్పం పోయి మాట్లాడి వచ్చినాను. మధ్యలో మళ్లీ చీకటి వారాలు వచ్చినాయి. కానీ అప్పుడు బాగుండానని చెప్పలేదు, బాగలేనని చెప్పినాను. ఆ ఏడు పరీక్షలు రాయలేదు, మరుసటేడు నిదానంగా రాసినాను. డాక్టరు కాలేదు. డిగ్రీ చదివి, ఇప్పుడు కుప్పం దగ్గర ఒక నర్సరీలో టమాటా నారు పెంచే పని చూస్తా ఉన్నాను. పొద్దున్నే లేస్తాను. నారు మొలకెత్తిందా లేదా చూసే తొందరలో, లేవాలా వద్దా అనే ప్రశ్న చాలారోజులు గుర్తుకే రాదు.

మేడం ఇప్పుడు రిటైరయింది. రామసముద్రంలో వాళ్లాయన టమాటా తోట చూసుకుంటాడు, ఆమె ఊళ్లో ఆడపిల్లలకు బండి నేర్పిస్తుంది. ఇదంతా ఎందుకు చేస్తారు మేడం అని ఒకసారి అడిగినాను. ఒక్కదాన్నే బండిమీద పోవాలంటే బోరు కొడతాది పాపా అని చెప్పింది. ఎంత అడిగినా ఇంకో కారణం చెప్పలేదు.

ఆ మొదటిసారి కుప్పం నుంచి వెనక్కి వచ్చేటప్పటి సంగతి ఒకటి మిగిలింది. సాయంత్రం ఎండ. వ్యానులో నాయన తోలుతా ఉన్నాడు, మేడం ముందు సీట్లో కునుకు తీస్తా ఉంది, అమ్మా నేనూ వెనక. రోడ్డుకు రెండు పక్కలా మామిడితోటలు పూతమీద ఉన్నాయి. పొద్దున్నుంచి ఒక్కమాట మాట్లాడని అమ్మ, కిటికీలోనుంచి బయటికి చూస్తానే అడిగింది.

"మేడం, ఆ డాక్టరమ్మ నా వయసోళ్లను కూడా సూస్తాదా?"

నాయన ఎవరికోసమని అడగలేదు. వ్యాను రోడ్డు పక్కకు తీసి, ఇంజను ఆపినాడు. మేడం కళ్లు తెరిచింది. సూస్తాది, అందరినీ సూస్తాది అని అమ్మకు జవాబు చెప్పి, వెంటనే దిగి, నా పక్క తలుపు తీసింది. మామిడిపూత మీద ఏదో పురుగుందని, అర్జంటుగా చూడాలని, జువాలజీ పిల్ల తోడు రావాలని నన్ను చెయ్యిపట్టి లాగింది. పూతమీద ఏ పురుగూ లేదు. ఇద్దరం వ్యానుకు వీపు పెట్టి, ఒక కొమ్మను ఎంతో శ్రద్ధగా చూస్తా నిలబడినాం. ఆమె భుజాలు అదురుతా ఉన్నాయి. నవ్వును ఆపుకుంటా ఉందో, ఏడుపును ఆపుకుంటా ఉందో తెలియలేదు. నాకూ అట్లనే ఉంది.

వెనకనుంచి మా నాయన గొంతు వినపడింది. అంగడిలో నేనెప్పుడూ వినని గొంతు.

"ఎన్నాళ్లనుంచి ఇట్లుండాది నీకు?"

అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. మేడం నా చెయ్యి పట్టుకొని తోట లోపలికి నడిచింది. అమ్మ చెప్పేది అయ్యేదాకా మేము ఆ చెట్ల కిందనే తిరిగినాం. చాలాసేపు పట్టింది.